యూనుస్ (అ) గాథ: తీర్పు ఎవరిది?

ఒక ప్రశ్నకు జవాబు చెప్పలేక మేము తలదించుకున్న సందర్భం ఒకటి ఉన్నది. ఈ నెల పాఠాన్ని దానితోనే ఆరంభిస్తాము.

అది 2021 సంవత్సరం చివరి మాసాల సంగతి. ప్రత్తిపాడు చుట్టుపక్కల మిరప చేలన్నీ పూత మీద ఉన్న రోజులు. ఆ ఏడు నల్ల తామర పురుగు అనే కొత్త తెగులు మన జిల్లాను, పొరుగు జిల్లాలను, తెలంగాణ ప్రాంతాన్ని ఒకేసారి చుట్టుముట్టింది. కంటికి ఆనీ ఆనని ఆ పురుగు పువ్వులో చేరి రసం పీల్చేది. పూత రాలేది, ఆకు ముడుచుకునేది, కాయ నిలిచేది కాదు. మందు మీద మందు కొట్టినా ఫలితం కనిపించలేదు. ఎకరాకు లక్షకు మించి పెట్టుబడి పెట్టిన కౌలు రైతులు ఎందరో నిలువునా చేను పీకివేశారు.

ఆ వారాలలో ఒక జుమా నాడు మేము ప్రసంగించాము. జకాత్ ఎగ్గొట్టేవారిని, పంటలో ఉష్ర్ తీయనివారిని, తూకంలో మోసగించేవారిని పేరు పెట్టకుండా ఎత్తి చూపాము. ఈ పురుగు వారి పాపాలకు దిగివచ్చిన దైవశిక్ష అన్నాము. గొంతు పెంచి, వేలు చూపి అన్నాము. మస్జిద్‌లో అందరూ నిశ్శబ్దంగా విన్నారు. మా మాట బాగా నాటుకున్నదని లోలోపల సంతోషించాము కూడా.

నమాజ్ ముగిసిన తర్వాత ఒక పెద్దాయన మా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. నూర్‌బాషా కుటుంబీకుడు. వారి తాతగారు ఊరూరా తిరిగి దూది ఏకినవారు. మిల్లులు వచ్చి ఆ వృత్తి పోయాక, ఈయన రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తూ వచ్చారు. ఆయన నెమ్మదిగా అడిగారు: “హజ్రత్, వానకు పండిన పంటలో పదోవంతు, నీరు పెట్టి పండించిన దానిలో ఇరవయ్యోవంతు తీయాలని మీరే చెప్పారు. నిరుడు బోరు నీటితో పండించాను, లెక్క కట్టి ఇచ్చాను. ఎవరి తూకమూ తగ్గించలేదు. మరి నా చేను కూడా పోయింది. నేనేం పాపం చేశానో మీకేమైనా తెలుసా?”

మాకు తెలియదు. తెలియదని చెప్పడానికి కూడా నోరు రాలేదు. ఆయన సలాం చెప్పి వెళ్ళిపోయారు. తర్వాతి రెండు జుమాలకు ఆయన మా వరుసలో కనిపించలేదు.

ఆ రాత్రి నుంచి మేము దివ్యఖురాన్‌లోని ఒక ప్రవక్త గాథను మళ్ళీ మళ్ళీ చదివాము. ఏళ్ళ తరబడి మదరసా పిల్లలకు బోధించిన గాథే. కాని ఈసారి అది మమ్మల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పింది. ఆయనే యూనుస్ (అ).

యూనుస్ (అ) బనీ ఇస్రాయీల్ ప్రవక్తలలో ఒకరు. హదీసులలో ఆయన పేరు మత్తా కుమారుడైన యూనుస్ అని వస్తుంది. హెబ్రూ గ్రంథాల లెక్క ప్రకారం ఆయన క్రీస్తుపూర్వం 8వ శతాబ్దానికి చెందినవారు. మన పొరుగు క్రైస్తవ కుటుంబాలు ఆయనను యోనా అని పిలుస్తాయి. యూదులు తమ ప్రాయశ్చిత్త దినాన సాయంకాల ప్రార్థనలో ఆయన గ్రంథాన్ని చదువుతారు. మన గుంటూరు జిల్లాలోనే చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో, తమను బెనె ఎఫ్రాయీం అని పిలుచుకుంటూ యూదు ధర్మాన్ని పాటించే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అంటే ఈ ప్రవక్త పేరును గౌరవంతో తలచేవారు మన చుట్టూ మూడు సమాజాలలో ఉన్నారన్న మాట.

ఆయన పంపబడినది నీనెవా నగరానికి. నేటి ఇరాక్‌లో, టైగ్రిస్ నదికి ఒక ఒడ్డున పాత మోసుల్ నగరం ఉంటే, దాని ఎదుటి ఒడ్డున నీనెవా శిథిలాలు ఉన్నాయి. ఒకప్పుడు అది అస్సీరియా సామ్రాజ్యానికి రాజధాని. ఖురాన్‌లో పదవ సూరాకు ఈ ప్రవక్త పేరే ఉన్నది. అంబియా, సాఫ్ఫాత్, ఖలమ్ సూరాలలో కూడా ఆయన వృత్తాంతం వస్తుంది. ఒకచోట ఆయనను ‘జున్నూన్’ అని, మరొకచోట ‘సాహిబుల్ హూత్’ అని అల్లాహ్ ప్రస్తావించాడు. రెండింటికీ చేపవాడు అనే అర్థం.

గాథ మన పిల్లలకు కూడా తెలిసినదే. యూనుస్ (అ) తన జాతివారిని ఏకదైవం వైపు పిలిచారు. వారు వినలేదు. శిక్ష రానున్నదని హెచ్చరించారు. అయినా వినలేదు. అప్పుడు ఆయన ఆవేదనతో, ఆగ్రహంతో వారిని విడిచి వెళ్ళిపోయారు. ప్రభువు ఆజ్ఞ ఇంకా రాలేదు. నిండు ఓడ ఎక్కారు. ఓడలో చీట్లు వేస్తే ఆయన పేరే వచ్చింది. సముద్రంలో పడిన ఆయనను పెద్ద చేప మింగింది.

ఇక్కడ ఒక్క మాట. ప్రవక్తలు పాపరహితులు అన్నది మన విశ్వాసం. యూనుస్ (అ) వెళ్ళిపోవడం దైవ తిరస్కారమూ కాదు, కోరి చేసిన అవిధేయతా కాదు. తన పని ముగిసినదని భావించి, అనుమతి కోసం వేచి ఉండకుండా కదలడమే జరిగినదని వ్యాఖ్యాతలు వివరించారు. సామీప్యం ఎంత ఎక్కువైతే పట్టింపు అంత సూక్ష్మంగా ఉంటుంది. ఎవరూ తనను మత్తా కుమారుడైన యూనుస్ కంటే గొప్పవాడినని చెప్పుకోరాదని మన ప్రవక్త (స) హెచ్చరించిన హదీసు బుఖారీలో ఉన్నది. కనుక ఆయనను తప్పుపట్టడానికి మనం ఈ గాథ చదవరాదు. మనలను మనం చూసుకోవడానికే చదవాలి.

ఆయన చేప కడుపులో ఎన్ని దినాలు ఉన్నారో ఖురాన్ చెప్పలేదు. చీకట్లలో ఉండి మొరపెట్టుకున్నారని మాత్రం చెప్పింది. రాత్రి చీకటి, సముద్రపు లోతు చీకటి, చేప గర్భపు చీకటి అని వ్యాఖ్యాతలు వాటిని మూడుగా లెక్కించారు. ఆ మొర మన ఇళ్ళలో కష్టం వచ్చినప్పుడల్లా చదువుకునేదే. దానిలో మూడు భాగాలు ఉన్నాయి. మొదట, ప్రభువు తప్ప ఆరాధ్యుడు లేడన్న సాక్ష్యం. తర్వాత, ఆయన అన్ని లోపాలకూ అతీతుడన్న స్తుతి. చివర, తనదే పొరపాటు అన్న ఒప్పుకోలు.

ఆ మొరలో ఏమి లేదో కూడా గమనించండి. నీనెవా వాసుల ప్రస్తావన లేదు. వారు వినలేదన్న ఫిర్యాదు లేదు. వారిని శిక్షించమన్న విన్నపం లేదు. ఆ చీకటిలో ఆయన తన ఒక్కరి లెక్కనే ప్రభువు ముందు పెట్టారు. ఈ దుఆతో వేడుకున్న ముస్లిం మొరను అల్లాహ్ ఆలకిస్తాడన్న హదీసును సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఉల్లేఖించారు. తిర్మిజీలో అది ఉన్నది.

తర్వాత చేప ఆయనను మొక్కా మోడూ లేని తీరాన వదిలింది. శరీరం నీరసించి ఉన్నది. అల్లాహ్ ఆయన మీద ఒక తీగమొక్కను మొలిపించాడు. అది సొరతీగ అని పలువురు వ్యాఖ్యాతల మాట. కోలుకున్న తర్వాత లక్షమంది, లేదా అంతకు పైబడిన జనం వద్దకు ఆయనను ప్రవక్తగా పంపినట్లు ఖురాన్ తెలిపింది. విడిచి వచ్చిన చోటికే తిరిగి వెళ్ళమన్నాడు ప్రభువు.

విధేయత అంటే ఇదే. ఫలితం కనిపించినంత కాలం పని చేయడం ఎవరికైనా సాధ్యమే. వినేవారు లేనప్పుడు కూడా నిలిపిన చోట నిలవడమే విశ్వాసపాత్రత. ఖలమ్ సూరాలో మన ప్రవక్త (స)కు అల్లాహ్ ఇచ్చిన ఆదేశం కూడా ఇదే. ప్రభువు నిర్ణయం వచ్చేవరకు సహనం వహించాలనీ, చేపవాని వలె తొందరపడరాదనీ దాని సారం.

ఆ ఆదేశాన్ని మన ప్రవక్త (స) ఎలా పాటించారో తాయిఫ్ వీధులు చూశాయి. అక్కడి పెద్దలు ఆయన సందేశాన్ని తిరస్కరించి, అల్లరి మూకలను ఉసిగొల్పి రాళ్ళతో కొట్టించారు. పాదాలు రక్తసిక్తమైనాయి. ఒక ద్రాక్షతోటలో ఆయన సేద తీరుతుండగా అద్దాస్ అనే క్రైస్తవ సేవకుడు ద్రాక్షపండ్లు తెచ్చి ఇచ్చాడు. నీది ఏ ఊరని ప్రవక్త (స) అడిగారు. నీనెవా అన్నాడు అతడు. సజ్జనుడైన యూనుస్ ఊరివాడివా అని ప్రవక్త (స) పలికారు. ఆయన నీకెలా తెలుసునని అద్దాస్ ఆశ్చర్యపోతే, యూనుస్ తన సోదరుడనీ, ఆయనా ప్రవక్తే, తానూ ప్రవక్తనేననీ సెలవిచ్చారు. సీరా గ్రంథాలలో ఈ ఘట్టం ఉన్నది.

ఆ ప్రయాణంలోనే పర్వతాల దూత ఎదుటికి వచ్చి, అనుమతి ఇస్తే ఈ జనాన్ని కొండల మధ్య నలిపివేస్తానన్నాడు. తీర్పు చేతికందిన ఘడియ అది. ప్రవక్త (స) వద్దన్నారు. వీరి సంతానంలోనైనా అల్లాహ్‌ను మాత్రమే ఆరాధించేవారు పుడతారని ఆశిస్తున్నానన్నారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు. శిక్షించే అధికారం ఎదురుగా వచ్చి నిలబడినా ఆయన ఆశనే ఎంచుకున్నారు. మా చేతిలో ఏ అధికారమూ లేకపోయినా, జుమా పీఠం మీద నిలబడి మేము శిక్షను ప్రకటించాము. ఈ రెండింటి మధ్య దూరాన్ని తలచినప్పుడు మాకు సిగ్గు కలిగింది.

ఇక గాథలో రెండవ సగం చూడాలి. యూనుస్ (అ) ఊరు విడిచిన తర్వాత నీనెవాలో ఏమి జరిగింది? శిక్ష ఛాయలు కనిపించగానే ఆ జనం మేల్కొన్నారు. పసిబిడ్డలతో, పశువులతో సహా ఆరుబయటికి వచ్చి విలపించారని తఫ్సీర్ గ్రంథాలు తెలుపుతున్నాయి. వారి విశ్వాసం వారికి ప్రయోజనమిచ్చింది. శిక్ష తొలగిపోయింది, ఒక కాలం వరకు సుఖంగా జీవించారు. అంతిమ క్షణంలో విశ్వసించి గట్టెక్కిన పట్టణంగా ఖురాన్ ఈ ఒక్కదానినే మినహాయించి చెప్పింది.

అంటే ప్రవక్త సైతం ఆశ వదులుకుని వెళ్ళిన జనాన్ని అల్లాహ్ వదలలేదు. వారి హృదయాలలో ఏమి మెదులుతున్నదో ఆయనకు మాత్రమే తెలుసు. ప్రవక్తకే తెలియని సంగతి సాధారణ ప్రసంగీకులమైన మాకు ఎలా తెలుస్తుంది?

ఆ పశ్చాత్తాపం ఎటువంటిదో కూడా గ్రహించాలి. ఇబ్ను మస్ఊద్ (రజి) నుంచి వచ్చిన ఒక కథనం ప్రకారం, వారు ఒకరి నుంచి ఒకరు అన్యాయంగా తీసుకున్నవన్నీ తిరిగి ఇచ్చుకున్నారు. పరాయివాని రాయిని తన ఇంటి పునాదిలో పెట్టుకున్నవాడు, ఆ పునాదిని పెళ్ళగించి మరీ రాయి అప్పగించాడట. మన వైపు దీని అర్థం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. దున్నిన ప్రతిసారీ పొరుగువాని గట్టును జానెడు కలుపుకున్నవాడు ఆ జానెడూ వదలాలి. తూకం పెరగడానికి పత్తి తడిపినవాడు, టిక్కీ అడుగున తాలుకాయలు దాచినవాడు ఆ అలవాటు మానాలి, తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. తేమ పేరు చెప్పి న్యాయానికి మించి తరుగు కోసిన వ్యాపారి ఆ రైతును వెతికి లెక్క సరిచేయాలి. అల్లాహ్ హక్కు కన్నీటితో క్షమించబడుతుంది. దాసుల హక్కు దాసులకు చేరితేనే తీరుతుంది.

నీనెవా ఆ తర్వాత ఏమైనది? ఆ తరానికి గడువు దొరికింది కాని, గడువు అంటే శాశ్వత మినహాయింపు కాదు. క్రీస్తుపూర్వం 612లో శత్రు సేనలు ఆ మహానగరాన్ని నేలమట్టం చేశాయి. ఆ శిథిలాల దిబ్బ మీద యూనుస్ (అ) పేరిట ఒక మస్జిద్ శతాబ్దాల పాటు నిలిచింది. 2014 జూలైలో మోసుల్‌ను ఆక్రమించిన దాయిష్ ముష్కరులు దానిని మందుగుండుతో పేల్చివేశారు. ఎవరు విశ్వాసి, ఎవరు కాదు, ఎవరు బ్రతకాలి, ఎవరు చావాలి అని అల్లాహ్ పేరిట తామే తీర్పులు వెలువరించినవారు వారు. తీర్పు అల్లాహ్‌దని నేర్పిన ప్రవక్త స్మృతి చిహ్నం అటువంటివారి చేతనే కూలింది. జుమా ప్రసంగంలో విసిరిన మాటకూ, ఆ విధ్వంసానికీ ఎంతో దూరం ఉన్నది, నిజమే. అయినా దాసుల మీద తీర్పు చెప్పే పీఠం మనదేనన్న భ్రమలోనే రెండింటికీ మొదలున్నది.

అయితే విపత్తులకూ మన కర్మలకూ సంబంధమే లేదా? ఉన్నది. మానవుల చేతులు చేసిన దాని వల్లనే నేల మీద, నీటి మీద కల్లోలం ప్రబలినదని ఖురాన్ రూమ్ సూరాలో హెచ్చరించింది. అదే ఖురాన్ బఖరా సూరాలో విశ్వాసులను భయంతో, ఆకలితో, ధన ప్రాణ నష్టంతో, ఫలసాయం కోల్పోవడంతో పరీక్షిస్తామని కూడా చెప్పింది. ఒకే తెగులు ఒకరికి మేలుకొలుపు, మరొకరికి పరీక్ష, ఇంకొకరికి అంతస్తుల పెంపు కావచ్చు. ఎవరికి ఏదో పైనుంచి చూసి చెప్పగల కన్ను మనకు లేదు.

కనుక మేము ఒక నియమం పెట్టుకున్నాము. కష్టం మన ఇంటికి వస్తే మన లెక్క చూసుకుందాము, యూనుస్ (అ) చేసినట్లు. కష్టం పొరుగింటికి వస్తే దానిని పరీక్ష అనుకుందాము, మన చేతనైన సాయంతో వారి వద్దకు వెళదాము. మన కష్టాన్ని పరీక్షగానూ, పొరుగువాని కష్టాన్ని శిక్షగానూ చెప్పుకోవడం అహంకారం చేసే పని.

తెగులుకు కారణాలు వెతకడం, వ్యవసాయ అధికారుల సలహా వినడం విశ్వాసానికి విరుద్ధం కాదు. ఒంటెను కట్టివేసి ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయమన్నది ప్రవక్త (స) బోధ. నల్ల తామర పురుగు ఆగ్నేయాసియా దేశాల నుంచి మన దేశంలోకి ప్రవేశించినదని శాస్త్రజ్ఞులు గుర్తించారు. విచ్చలవిడిగా మందులు కొడితే మేలు చేసే పురుగులు చనిపోయి చేటు చేసేవి పెరుగుతాయని కూడా వారు చెబుతున్నారు. ఇది తెలుసుకుని నడుచుకోవడం రైతు బాధ్యత.

మరొక్క సంగతి చెప్పక తప్పదు. 1987–88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాలలో అప్పుల పాలైన రైతులు ప్రాణాలు తీసుకున్న సంగతి మన పెద్దలకు గుర్తే. ప్రాణం తీసుకోవడం మన ధర్మంలో నిషిద్ధం, అందులో సందేహం లేదు. కాని పంట పోయి, అప్పు మీదపడి, ఇంట్లో ఆడపిల్లల పెళ్ళి ఆగిపోయిన మనిషితో నిన్ను దేవుడు శిక్షిస్తున్నాడని చెప్పడం వల్ల అతనికి మిగిలిన ఒక్క తలుపును కూడా మనమే మూసినవారమవుతాము. చేప కడుపులో ఉన్న దాసునికి కూడా ఆ తలుపు తెరిచే ఉన్నదని చెప్పడమే మన పని. అప్పు ఇచ్చినవారికి ఖురాన్ ఆదేశం స్పష్టం: బాకీదారు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు దొరికేవరకు గడువివ్వాలి, వదిలివేస్తే అది మరీ శ్రేష్ఠం. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో అప్పుల్లో కూరుకున్నవారూ ఉన్నారు. మన మొహల్లా జకాత్ పంచేటప్పుడు ఆ కౌలు రైతు పేరు జాబితాలో ఉన్నదా అని ఎప్పుడైనా చూశామా?

మూడవ జుమా రాకముందే మేము ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళాము. ఆయన భార్య వరండాలో కూర్చుని, చేతికందిన కొద్దిపాటి మిరపకాయల నుంచి తాలు ఏరుతున్నది. ఆమె కొంగు సరిచేసుకుని లేచి, టీ పెడతానని లోపలికి వెళ్ళింది. ఆయన చాప పరిచారు.

“చాచా, ఆ రోజు మీరు అడిగినదానికి జవాబు మాకు తెలియదు. తెలియని సంగతి తెలిసినట్లు చెప్పాము. మమ్మల్ని మన్నించాలి” అన్నాము.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పంట పోయినందుకు నేను రాకపోలేదు హజ్రత్. వరుసలో నా పక్కన నిలబడినవాళ్ళు నన్ను ఏమనుకుంటున్నారో అని రాలేదు” అన్నారు.

మా ఒక్క మాట ఆయనకూ ఆయన వరుసకూ మధ్య గోడ కట్టింది. ఆ గోడ తీయడానికి ఇంట్లో అడిగిన క్షమాపణ చాలదు. తర్వాతి జుమా నాడు, ఏ పీఠం మీద ఆ మాట అన్నామో ఆ పీఠం మీదనే నిలబడి, మేము పొరబడినామని చెప్పాము. తీర్పు అల్లాహ్‌దని చెప్పాము. ఆ రోజు ఆయన రెండవ వరుసలో ఉన్నారు. ఇప్పటికీ ఆయన కౌలుకే చేస్తున్నారు. అప్పు ఇంకా పూర్తిగా తీరలేదు. ఫజ్ర్‌కు మాత్రం మాకంటే ముందే వచ్చి కూర్చుంటారు.

పాఠక సోదర సోదరీమణులారా! ఈ నెల మీ పిల్లలకు యూనుస్ (అ) గాథ చెప్పండి. చేప గురించి చెప్పినంతసేపు, ఆయన తిరిగి వెళ్ళిన ఊరి గురించి కూడా చెప్పండి. ఆ దుఆను అర్థంతో సహా కంఠస్థం చేయించండి. మీకు పరిచయమున్న ఇళ్ళలో ఎవరి చేనైనా పోయి ఉంటే, కారణం వెతకకుండా ఒకసారి వెళ్ళి రండి.

ఓ అల్లాహ్! మమ్మల్ని నీవు నిలిపిన చోట నిలిచేవారిగా చేయి. నీ దాసుల మీద తీర్పు చెప్పే తొందర నుంచి మా నాలుకలను కాపాడు. చీకట్లలో ఉన్న ప్రతి దాసుని మొరను ఆలకించి, వారిని క్షేమంగా తీరానికి చేర్చు. ఆమీన్.